ధూళిదర్శనం

పెద్దదోర్నాల దాటితే నల్లమల ఘాట్‌రోడ్డు. శ్రీశైలం ఇంకా సుమారు 50 కిలోమీటర్లు. ఉగాదికి, శివరాత్రికి ఈ దారి పొడవునా పాదయాత్రికులే. వాళ్ల నోట వినవలసిన మాట ‘ధూళిదర్శనం’.

ధూళి, దర్శనం రెండూ సంస్కృత పదాలే. కలిస్తే మాత్రం శ్రీశైలం ఆచారమే మనసులో మెదులుతుంది: కాళ్లకు అంటిన దుమ్ముతోనే, స్నానమైనా చేయకుండా, వచ్చినవాళ్లు వచ్చినట్టే మల్లన్నను చూడటం, లింగాన్ని చేత్తో తాకడం. మడి, శుచి అంటూ ఇంత పట్టింపు ఉన్న మన పూజావిధానంలో ఇది ఎంత పెద్ద సడలింపో! చెమట, బొబ్బలు, లోపలి దిగులు అన్నీ తెలిసిన దేవుడి ముందు దాచేదేముంది? చెంచులకైతే ఆయన ఇంటి అల్లుడే, చెంచు మల్లయ్య. భక్తిలోని చనువును ఇంత సూటిగా పట్టిన మాట మరొకటి నాకు కనబడలేదు.

ఇప్పుడు రద్దీని బట్టి స్పర్శదర్శనానికి వేళలు పెడుతున్నారు. బయలుదేరే ముందు కనుక్కుని వెళ్లండి.