నాలుగు నెలల కాపురం

మా వేల్పూర్ వైపు చలికాలం అంటే పసుపు పనులే. తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం. అదే నిజామాబాద్ దాటి బోధన్ వైపు వెళ్తే చలికాలం అంటే చెరకు. పసుపును ఎప్పుడు ఉడకబెట్టుకోవాలో ఇంట్లోవాళ్ళమే చూసుకుంటాం. చెరకు అలా కాదు, ఫ్యాక్టరీ పిలిచినప్పుడు కదలాలి. ఆ పిలుపు కోసం ఊరుకాని ఊరు వచ్చి, నాలుగు నెలలు కాపురం చేసి వెళ్ళిపోయిన ఆడవాళ్ళ గురించి మనం పెద్దగా మాట్లాడుకోం.

ముందు కొంచెం చరిత్ర. మంజీర నది మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్ళు చూసి కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొనుక్కున్నారు. వాళ్ళ ఊళ్ళను ఇప్పటికీ ‘క్యాంపులు’ అనే అంటాం. 1937లో బోధన్ పక్కన నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఆ చోటుకు శక్కర్‌నగర్ అని పేరు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని మా పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు.

క్యాంపుల వాళ్ళు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సీజన్ వాళ్ళు మాత్రం చలితో వచ్చి ఎండలతో వెళ్ళిపోయేవారు. రాత్రుళ్ళు చల్లగా ఉంటేనే చెరకులో తీపి బాగా నిండుతుంది. కోసిన గడను ఒకరోజు లోపల ఆడించకపోతే తూకమూ పోతుంది, తీపీ పోతుంది. అందుకే ఫ్యాక్టరీ రాత్రింబవళ్ళు ఆగకుండా నడిచేది. కోతకూ, బండ్లకూ, లోపల పనికీ అదనంగా మనుషులు కావాలి.

ఇక ఆ చప్పుడు! షిఫ్టు షిఫ్టుకూ సైరన్, యంత్రాల హోరు, బండ్ల వరస, దాని మీద మొలాసిస్ వాసన. మూడు షిఫ్టుల ఇంట్లో వంట ఎన్నిసార్లు చేయాలో మీకు చెప్పక్కర్లేదు. మగమనిషి రాత్రి పనికి వెళ్ళి పొద్దున వచ్చి పడుకుంటే, పిల్లలు గొంతెత్తకుండా చూసుకోవడం ఇంకో పని. బయట అంత హోరు, ఇంట్లో మాత్రం గుసగుసలు.

చెరకు కోతకు వెళ్ళే ఆడవాళ్ళ కష్టం ఇంకో రకం. మన పక్కనే ఉన్న మహారాష్ట్రలో, ముఖ్యంగా బీడ్ జిల్లాలో, భార్యాభర్తలను కలిపి ఒకే ‘కోయితా’గా లెక్కేస్తారు. కోయితా అంటే చెరకు నరికే కత్తి. ఇద్దరు మనుషులు, లెక్కలో ఒక కత్తి. అడ్వాన్సు భర్త చేతికే. ఒకరోజు మానితే కూలి పోవడమే కాక జరిమానా కూడా. నెలసరి వచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా పని తప్పదు. ఆ కూలీల్లో వేలమంది చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నారని 2019లో బయటపడ్డాక అక్కడి ప్రభుత్వం కమిటీ వేసింది. మన ఇంట్లో చక్కెర డబ్బా తెరిచినప్పుడు ఇదీ గుర్తుండాలి.

బోధన్ ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటుకు అప్పగించారు. 2015 డిసెంబరులో, సరిగ్గా సీజన్ నడవాల్సిన రోజుల్లో, లే ఆఫ్ ప్రకటించారు. సైరన్ ఆగింది. ఆ హోరుకు విసుక్కున్నవాళ్ళకు కూడా అది ఆగిన రోజు నెత్తిన పిడుగు పడ్డట్టే. చప్పుడు ఉన్నన్నాళ్ళూ పొయ్యి వెలిగింది మరి.

ఎన్ని టన్నుల చెరకు ఆడిందో కాగితాల్లో ఉంటుంది. ఎన్ని గుడిసెల ముందు మూడురాళ్ళ పొయ్యి పెట్టారో, ఏ తల్లి గట్టు మీద పిల్లను పడుకోబెట్టి కోతకు దిగిందో ఎవరూ రాయలేదు. మీ ఇంట్లో అమ్మమ్మో, అత్తమ్మో సీజన్ పనికి వెళ్ళినవాళ్ళుంటే ఈ చలికాలంలోనే కూర్చోబెట్టి అడగండి. ఎక్కడ ఉన్నారు, నీళ్ళు ఎక్కడినుంచి మోశారు, కూలి ఎవరి చేతికి వచ్చింది అని. చెప్పింది చెప్పినట్టు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. మన జిల్లా చరిత్రలో రాయకుండా వదిలేసిన పేజీలు అవే.