మలేరియా మగత – మన్యపు కుటుంబాల కథ

జ్వరాలలో కొన్ని ఒంటిని కాల్చి వదలిపోతాయి. కొన్ని మనిషి తెలివినే హరిస్తాయి. ఈ రెండవ రకానికి మన్యపు జ్వరం పేరు మోసింది. రెండు మూడు రోజులు చలి, వణుకు, తలనొప్పి ఉంటాయి. తరువాత రోగి సంధి మాటలు మొదలుపెడతాడు. కొందరికి, ముఖ్యంగా పసిపిల్లలకు, ఫిట్లు వస్తాయి. పిలిస్తే పలకడు, గిల్లితే మూలుగుతాడు, ఆ పిమ్మట మూలుగు కూడా ఉండదు. వైద్యులు దీనిని కోమా అంటారు. గాఢనిద్ర అని అర్థమిచ్చే గ్రీకు మాట అది. పల్లెల్లో జ్వరం తలకెక్కిందన్నారు, సన్నిపాతమన్నారు, గాలి సోకిందన్నారు. పేరు ఏదైనా, ఆ మంచం చుట్టూ కూర్చున్న తల్లి, భార్య, అన్నదమ్ములు అడిగే ప్రశ్న ఒకటే: తిరిగి లేస్తాడా?

ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం జవాబు చెప్పగలగడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దులో ఆ జవాబు కొరకు ఎదురుచూచిన కుటుంబాలెన్నో లెక్కకు రావు.

గోదావరి ఒడ్డున

భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860 వరకు నిజాం రాజ్యంలోనివి. ఆ తరువాత ఆంగ్లేయుల మధ్యపరగణాలలో చేరి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదిలీ అయినాయి. ఖమ్మం వైపు ప్రాంతం మాత్రం నిజాం ఏలుబడిలోనే ఉండిపోయింది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ప్రభుత్వాలు ఇన్నిమారులు మారినా, కోయలూ కొండరెడ్లూ నివసించే ఈ అడవులలో వానాకాలం వెంట వచ్చే జ్వరం మాత్రం మారలేదు.

సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కాప్టెన్ హేగ్ పర్యవేక్షణలో, గోదావరి ఎగువ భాగాన పడవలు నడిపించేందుకు గొప్ప ప్రయత్నం జరిగింది. నదిలోని మూడు రాతి అడ్డంకులలో మొదటిది దుమ్ముగూడెం వద్ద ఉన్నది. అక్కడ ఆనకట్ట, లాకులు కట్టారు. కాని ఖర్చు పెరిగింది, కూలీలు దొరకలేదు, వచ్చినవారిని జ్వరాలు పీడించాయి. 1871లో పని మానివేశారు. 1879లో రంప తిరుగుబాటు రేకపల్లి వరకు వ్యాపించినప్పుడు, దానిని అణచడానికి వచ్చిన సైనికులను కూడా ఈ జ్వరమే మంచం పట్టించింది.

బయటివారు ఇంతగా బాధపడుతుంటే అడవిలో పుట్టినవారు ఎట్లా నిలిచారు? దానికి కారణం ఉన్నది. పసితనం నుండి మాటిమాటికి జ్వరం తగిలినవారిలో కొంత నిరోధశక్తి ఏర్పడుతుంది. ఆ శక్తి రాకముందే, అంటే మొదటి అయిదేళ్ళలోనే, ఎందరో పిల్లలు పోయేవారు. పెద్దవారు తట్టుకొని నిలవడానికి వెనుక చెల్లించిన మూల్యం ఆ పిల్లల ప్రాణాలు.

దోమలోనూ, మెదడులోనూ

1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి నెత్తుటిలో మలేరియా పరాన్నజీవిని చూచాడు. అది మనిషిలోకి ఎట్లా వస్తుందో తేల్చే దారి సికిందరాబాదులో దొరికింది. 1897 ఆగస్టులో రొనాల్డు రాస్ అనే సైనిక వైద్యుడు హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. ఆగస్టు 20న ఆ దోమలలో ఒకదానిని కోసి సూక్ష్మదర్శిని క్రింద పెట్టగా, దాని కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. అవి దోమలో పెరుగుతున్న మలేరియా పరాన్నజీవులే. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం లభించింది.

ఇంచుమించు ఆ కాలంలోనే ఇటలీలో మార్కియాఫావా, బిన్యామి అనే వైద్యులు, మలేరియా వలన స్మృతి తప్పి మరణించినవారి మెదడును పరీక్షించారు. మెదడులోని అతి సన్నని రక్తనాళాల నిండా పరాన్నజీవులున్న ఎఱ్ఱకణాలు క్రిక్కిరిసి ఉన్నాయి. మన్యపు మంచం మీది మగతకు మొదటి భౌతిక కారణం అక్కడ కనబడింది.

మలేరియా జాతులన్నీ ఇట్లా చేయవు. ముఖ్యంగా ఫాల్సిపారం అనే జాతి చేస్తుంది. అది చేరిన ఎఱ్ఱకణం పైభాగాన సన్నని బొడిపెలు లేస్తాయి. వాటి సాయంతో ఆ కణం రక్తనాళపు గోడకు జిగురులా అంటుకుంటుంది. నాళం ఇరుకై రక్తప్రసారం మందగిస్తుంది, మెదడుకు ప్రాణవాయువు, చక్కెర సరిగా అందవు, మెదడు వాస్తుంది.

ఇందులో ఆశకు తావిచ్చే విషయం ఒకటి ఉన్నది. పరాన్నజీవి రక్తనాళంలోనే ఉంటుంది. నాళం దాటి మెదడు కణజాలంలోకి దూరదు. కాబట్టి సకాలంలో దానిని చంపి, రోగి ప్రాణం నిలబెట్టగలిగితే, చాలామందిలో మెదడు తిరిగి తన పని తాను చేసుకుంటుంది. ఒడిశాలోని రూర్కెలా ఇస్పాత్ ఆసుపత్రి వైద్యులు అయస్కాంత చిత్రణ యంత్రంతో ఇటువంటి రోగుల మెదడును పరిశీలించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. కోలుకున్నవారిలో వాపు తగ్గిపోవడం ఆ చిత్రాలలో కనిపించింది. వైద్యం అందకపోతే దాదాపు ప్రాణాంతకమైన ఈ కోమా, వైద్యం అందితే ఎందరినో తెలివితో ఇంటికి పంపుతుంది.

మందుల కథ

సింకోనా బెరడులోని క్వినైనును 1820లో ఫ్రాన్సులో పెలెటియే, కావెంటూ వేరుచేశారు. నీలగిరులలో సింకోనా తోటలు 1860 ప్రాంతంలో వేశారు. 1892 నుండి వంగ రాష్ట్రంలో క్వినైను పొట్లాలను పోస్టాఫీసులలో అమ్మారు. కాని పోస్టాఫీసే లేని అడవి గూడేనికి ఆ పొట్లం చేరడం అరుదు. పైగా స్మృతి తప్పినవాడు మ్రింగలేడు; అతనికి మందు సూదితోనే ఎక్కాలి.

మందు అందిన తరువాత కూడా కొందరు ఎందుకు లేవడం లేదన్నది చాలాకాలం అంతుపట్టలేదు. 1983లో థాయిలాండులో పనిచేసిన వైద్యులు ఒక కారణం కనిపెట్టారు. ఈ రోగులలో కొందరికి రక్తంలోని చక్కెర ప్రమాదకరంగా పడిపోతున్నది. క్వినైను కూడా శరీరంలో ఇన్సులినును పెంచి అందుకు తోడ్పడుతున్నది. చక్కెర నీటిని నరంలోకి ఎక్కించగా కొందరికి తెలివి వచ్చింది. నేడు ప్రతి రోగికీ చక్కెర పరీక్ష చేయడం అప్పుడు నేర్చిన పాఠమే.

మంచిదనుకున్న మందు చెడు చేసిన సంగతి కూడా ఈ చరిత్రలో ఉన్నది. మెదడు వాపు తగ్గుతుందని చాలాచోట్ల స్టెరాయిడు మందు ఇచ్చేవారు. 1982లో థాయిలాండులో 100 మంది రోగుల మీద పరీక్షించి చూడగా మరణాలు తగ్గలేదు. బ్రతికినవారిలో మందులేనివారి కోమా సగటున 47 గంటలుండగా, స్టెరాయిడు పొందినవారిది 63 గంటలున్నది. ఇంటివారి నిరీక్షణను ఆ మందు మరి 16 గంటలు పొడిగించింది. మేలు చేయాలన్న కోరిక మాత్రమే చాలదు, దానిని పరీక్షించి చూడాలి అనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ విద్యార్థులకు దొరకదు.

పెద్ద మలుపు చైనా నుండి వచ్చింది. నాలుగవ శతాబ్దికి చెందిన గె హొంగ్ వైద్యగ్రంథంలోని సూచన ఆధారంగా, తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు ఒక మాచిపత్రి జాతి మొక్క నుండి తక్కువ వేడి మీద సారాన్ని తీయించింది. 1972 నాటికి ఆర్టెమిసినిన్ అనే మందు చేతికి వచ్చింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమానం ఇచ్చారు. దాని నుండి చేసిన ఆర్టెసునేట్‌ను క్వినైనుతో పోల్చిన గొప్ప పరీక్ష 2005లో వెలువడింది. బంగ్లాదేశ్, భారత్, ఇండొనేషియా, మియన్మార్‌లలో తీవ్ర మలేరియా గల 1461 మంది అందులో పాల్గొన్నారు. క్వినైను పొందినవారిలో నూటికి 22 మంది మరణించగా, ఆర్టెసునేట్ పొందినవారిలో నూటికి 15 మంది మరణించారు. నూటికి ఏడు కుటుంబాలకు తమవారు అదనంగా దక్కారన్నమాట.

తల్లి ముఖమే కొలబద్ద

కోమా ఎంత లోతుగా ఉన్నదో కొలవడానికి 1974లో గ్లాస్గో నగర వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ ఒక కొలత ఏర్పరచారు. కళ్ళు తెరవడం, మాట, కాలుసేతుల కదలిక అనే మూడింటికి మార్కులు వేస్తే మొత్తం 3 నుండి 15 వరకు వస్తుంది. మాటలు రాని పసిపిల్లల విషయంలో ఇది పనికిరాదు. అందుచేత 1989లో ఆఫ్రికాలోని మలావీలో పనిచేసిన వైద్యులు బ్లాంటైర్ అనే ఊరి పేర మరొక కొలత చేశారు. అందులో నొప్పికి స్పందన, ఏడుపు, చూపు అనే మూడు అంశాలు, మొత్తం 5 మార్కులు. చూపు మార్కు ఎట్లా నిర్ణయిస్తారు? పిల్లవాడి కళ్ళు తల్లి ముఖం వెంట తిరుగుతున్నాయా అని చూస్తారు. ప్రతి తల్లీ రాత్రంతా చేసే పనినే వైద్యులు కొలబద్దగా స్వీకరించారు.

కుటుంబం చేసే కాపలా కూడా చికిత్సలో భాగమేనన్న సంగతిని ఈ కొలత గుర్తుచేస్తుంది. తెలివిలేనివానిని ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి; వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరితిత్తులలోకి పోతుంది. నోట్లో నీళ్ళు, గంజి, మందు పోయరాదు. గంటలకొద్దీ ఒకే ప్రక్కన ఉంచితే పుండ్లు పడతాయి కనుక రెండేసి గంటలకు ప్రక్క మార్చాలి. అన్నిటికంటె ముందు, ఫిట్లు గాని మగత గాని కనిపించిన వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి.

ఈ చివరి మాట చెప్పినంత తేలిక కాదు. వాగులు పొంగే కాలమే జ్వరాల కాలం. పొలం పని ముమ్మరంగా ఉండే కాలమూ అదే. బండి రాని గూడెం నుండి రోగిని డోలీ కట్టి మోయాలంటే మార్చుకునే భుజాలతో సహా అరడజను మంది కావాలి. గోదావరి మీద భద్రాచలం వద్ద వంతెన పడినది 1960వ దశకంలో. అంతకు ముందు పడవే దిక్కు. ఆసుపత్రికి చేరిన తరువాత ఒకరు మంచం దగ్గర ఉండాలి, ఒకరు అన్నానికీ మందులకూ తిరగాలి, ఒకరు ఇంటి దగ్గర పిల్లలనూ పశువులనూ చూడాలి. కూలి పోతుంది, అప్పు పెరుగుతుంది. ఇంట్లో కోయ మాట్లాడే ముసలితల్లికి డాక్టరు మాట సగమే అర్థమవుతుంది. ఇటువంటి ఇంటికి ముందుగా వడ్డెను పిలవడం మూఢత్వం అని తీసివేయడం న్యాయం కాదు. దగ్గరలో ఉన్న ధైర్యం అతడే. వడ్డె పూజ వలన హాని లేదు, పూజ కొరకు ఆ రాత్రి గడిపివేయడంలోనే హాని ఉన్నది. పూజా జరగవచ్చు, డోలీ కూడా వెంటనే కదలవచ్చు.

కళ్ళు తెరిచిన వెంటనే కథ ముగియదు. కొందరు ఒకటి రెండు రోజులు తనవారిని గుర్తుపట్టలేక తికమకపడతారు. చాలామందిలో ఇది సర్దుకుంటుంది. కొందరు పిల్లలలో మాత్రం ఫిట్లు, నడక లోపం, చదువులో వెనుకబాటు మిగలవచ్చు. జ్వరం తరువాత బడికి వచ్చిన పిల్లవాడు పాఠం మరచిపోతుంటే, సోమరితనమని శిక్షించక వైద్యునికి చూపించవలసినది ఉపాధ్యాయుడే.

తగ్గిన జ్వరం, తగ్గని జాగ్రత్త

1953లో దేశమంతటా డి.డి.టి. చల్లడం మొదలైనప్పుడు, ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వస్తున్నదనీ, ఎనిమిది లక్షల మంది మరణిస్తున్నారనీ అంచనా. 1960ల నడుమకు అది లక్ష కేసులకు దిగింది. గెలిచామనుకొని పట్టు సడలించగా 1976లో 64 లక్షలకు మించింది. దోమలు డి.డి.టి.కి, పరాన్నజీవి క్లోరోక్విను మాత్రలకు అలవాటుపడడం కూడా ఇందుకు కారణాలు. తిరిగి పట్టు బిగించగా, 2015లో 11 లక్షల 69 వేలుగా నమోదైన కేసులు 2023లో 2 లక్షల 27 వేలకు తగ్గాయి. మందు పూసిన దోమతెరలు, పదిహేను ఇరవై నిమిషాలలో ఫలితం చెప్పే రక్తపరీక్ష కిట్లు, గూడెంలోనే ఉండే ఆశా కార్యకర్తలు ఇందుకు తోడ్పడినారు. 2030 నాటికి దేశంలో మలేరియా లేకుండా చేయాలన్నది లక్ష్యం.

జ్వరం తగ్గినకొద్దీ ఒక క్రొత్త ప్రమాదం ఉన్నది. మాటిమాటికి జ్వరం తగలనివారిలో పూర్వపు నిరోధశక్తి ఉండదు. పెద్దవారు కూడా పసిపిల్లలవలె మగతలో పడవచ్చు. ఊళ్ళో అరుదైన జబ్బును గుర్తుపట్టడం కూడా ఆలస్యమవుతుంది. అందుచేత అడవి ప్రాంతంలో జ్వరం వచ్చిన ప్రతివారి నెత్తుటి చుక్కనూ ఆనాడే పరీక్షించాలన్న నియమం, కేసులు తగ్గిన కాలంలో మరింత ముఖ్యం.

తిరిగి లేస్తాడా అన్న ప్రశ్నకు నేడు జవాబు ఉన్నది. సకాలంలో మందు అందితే ఎక్కువమంది లేస్తారు, చాలామంది రెండు మూడు రోజులలోనే లేస్తారు. లావెరాన్ నుండి తూ యూయూ వరకు ఎందరో కృషి చేసి ఆ మందును సిద్ధం చేశారు. గూడెం నుండి ఆసుపత్రి వరకు ఉన్న దారిని కురచ చేయడం రోడ్లు వేసేవారి చేతిలోనూ, రక్తపరీక్ష చేసేవారి చేతిలోనూ, మొదటి ఫిట్టును గుర్తుపట్టే ఇంటివారి చేతిలోనూ ఉన్నది.