కొత్త కారుకి పెయింట్ కోటింగ్ అవసరమా?

పోయిన నెల మేము కొత్త కారు కొన్నాం. బేరం తెగాక ఫైనాన్స్ గదిలో ఇంకో కాగితం ముందుకొచ్చింది: పెయింట్ ప్రొటెక్షన్, 1,200 డాలర్లు. "లోన్‌లో కలిపితే నెలకి పాతిక డాలర్లు కూడా కాదు" అన్నాడతను. మావారు సంతకం పెట్టబోయారు. నేను కెమిస్ట్రీ చదివినదాన్ని కదా, "ఇంతకీ ఏం పూస్తారు?" అని అడిగాను. సరైన జవాబు రాలేదు. "ఏమండీ, రేపు చెబుదాం" అని కోటింగ్ లేకుండానే కారు తెచ్చుకున్నాం.

ఇంటికొచ్చి లెక్క వేశాను. 7 శాతం వడ్డీకి ఐదేళ్ళంటే ఆ 1,200 కాస్తా దాదాపు 1,426 అవుతుంది.

అసలు కారు రంగు మీద ఫ్యాక్టరీలోనే క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర వేస్తారు. మామూలుగా 40-50 మైక్రాన్ల మందం. ఎండని, వానని తట్టుకునేది అదే. దాని మీద మనం వేయించేవి ముఖ్యంగా మూడు రకాలు.

వ్యాక్స్, సీలెంట్: మెరుపునిస్తాయి, కొన్ని నెలలుంటాయి. ఇంట్లోనే పూసుకోవచ్చు.

సిరామిక్ కోటింగ్: ఎక్కువగా సిలికాన్ డయాక్సైడ్ ఆధారంగా చేస్తారు. నీళ్ళు జారిపోతాయి, కడగడం తేలిక. కానీ పొర మహా అయితే కొన్ని మైక్రాన్లే. ఎగిరొచ్చే రాయిని ఆపలేదు.

పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్: పాలీయురేథేన్ షీటు, 150-200 మైక్రాన్లు. రాళ్ళ దెబ్బలకి పనికొచ్చేది ఇదే. ఖరీదూ ఎక్కువే.

మా మిషిగన్‌లో అసలు భయం చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు. అది కారు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. పైన ఏ కోటింగ్ వేసినా అడుగుకి రక్షణ ఉండదు. అడుగుభాగం కూడా కడిగే కార్ వాష్‌కి తీసుకెళ్ళడమే మంచిది. పక్షుల రెట్టలు, పురుగుల మరకలు కూడా వెంటనే కడిగేయాలి.

చివరికి మేము కోటింగ్ వద్దన్నాం. ఫ్రీవే మీద రోజూ తిరిగే కారు కాబట్టి ముందు బంపర్‌కి, హుడ్‌కి మాత్రం విడిగా ఫిల్మ్ వేయించాం. మూడేళ్ళ లీజు అయితే అదీ వద్దనేదాన్ని.

మీరూ సంతకానికి ముందు అడగండి: ఏ పదార్థం? ఎన్నేళ్ళుంటుంది? వారంటీ నిలవాలంటే ఏటా వాళ్ళ దగ్గరే సర్వీసు చేయించాలా? ఇప్పటికే సంతకం పెట్టేశారా? కాగితాల్లో రద్దు గడువు ఉందేమో ఈ రాత్రే చూడండి.