మూత్రపిండ వ్యాధి: కొత్తదా, పాతదా? ప్రయోగశాల పరీక్షల చరిత్ర

మూత్రపిండాలు దెబ్బతిన్నాయని కనిపెట్టడం ఒక ఎత్తు. ఆ దెబ్బ నాలుగు రోజుల కిందటిదా, ఏళ్ల తరబడి సాగుతున్నదా అని తేల్చడం మరొక ఎత్తు. వైద్యచరిత్రలో రెండో ప్రశ్నకు సరైన జవాబు రావడానికి వందేళ్లకు పైగా పట్టింది.

లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒళ్లు నీరుపట్టిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద వేడిచేసేవాడు. ఆల్బుమిన్ ఉంటే అది తెల్లసొనలా గడ్డకట్టేది. ఈ లక్షణానికీ, శవపరీక్షలో కనిపించిన చెడిన మూత్రపిండాలకూ ఉన్న సంబంధాన్ని ఆయన 1827లో ప్రకటించాడు. (తరగతిలో విద్యార్థులు ఈ సంవత్సరాన్ని రాసుకుని చెంచాను మరిచిపోయేవారు. గుర్తుంచుకోవలసింది చెంచానే.) అయితే కొత్త జబ్బూ పాత జబ్బూ చాలాకాలం ‘బ్రైట్ వ్యాధి’ అనే ఒకే పేరు కింద ఉండిపోయాయి.

1886లో మాక్స్ యాఫే క్రియాటినిన్ పిక్రిక్ ఆమ్లంతో క్షార ద్రావణంలో నారింజ ఎరుపు రంగునిస్తుందని గమనించాడు. రక్తంలో క్రియాటినిన్‌ను కొలిచే పద్ధతికి తరువాత ఇదే ఆధారమైంది. కానీ ఒక్క కొలత వ్యాధి వయసు చెప్పదు.

1941లో బైవాటర్స్, బీల్ లండన్ బాంబుదాడుల్లో శిథిలాల కింద నలిగినవారి గురించి రాశారు. అంతవరకు ఆరోగ్యంగా ఉన్నవారి మూత్రపిండాలు కొద్ది రోజుల్లోనే ఆగిపోయాయి. 1945లో నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండంతో 67 ఏళ్ల మహిళను బతికించాడు. ఆమెది ఆకస్మిక వైఫల్యం. కొన్నాళ్లు రక్తం శుద్ధిచేస్తే చాలు, మూత్రపిండాలు కోలుకున్నాయి. దీర్ఘకాలిక రోగికి అలా కాదు, డయాలిసిస్ జీవితాంతం కావాలి. 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ షంట్ వచ్చాకే అది సాధ్యమైంది. అప్పటినుంచి ఈ రెంటినీ వేరుచేయడం పేర్ల తగాదాగా మిగలలేదు.

వేరుచేసేది ఎలా? అన్నిటికన్నా నమ్మదగినది పాత క్రియాటినిన్ రిపోర్టు. అది లేనప్పుడు రక్తహీనత, హెచ్చిన ఫాస్ఫరస్, తగ్గిన కాల్షియం పాత జబ్బును సూచిస్తాయి. ఆకస్మిక వ్యాధిలోనూ ఇవి కనిపించవచ్చు కనుక వీటిని మాత్రమే నమ్మరాదు. స్కానింగ్‌లో కుదించుకుపోయిన మూత్రపిండాలు మరింత గట్టి సాక్ష్యం. 2002లో అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ మూడు నెలల గడువును ప్రమాణంగా పెట్టింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ చరిత్ర మరో మలుపు తిరుగుతుంది. అక్కడి వ్యాధిలో చాలామంది రోగుల మూత్రంలో ఆల్బుమిన్ స్వల్పం, కొన్నిసార్లు ఉండదు కూడా. బ్రైట్ చెంచా అక్కడ చాలామందిని ఆరోగ్యవంతులని పంపించేసేది. ఒకసారి పెరిగి కనిపించిన క్రియాటినిన్‌ను మూడు నెలల తరువాత మళ్లీ కొలిచాకే ఆ రైతునో కూలీనో దీర్ఘకాలిక రోగిగా లెక్కలోకి తీసుకోవాలి.