అంచనాల్లో లేని ఆడవాళ్ళు

ఏటా ఫిబ్రవరిలో నాస్కామ్ సంస్థ ఐటీ సేవల రంగం మీద తన వార్షిక సమీక్ష విడుదల చేస్తుంది. గడిచిన ఏడాది రాబడి ఎంత, ఎగుమతులు ఎన్ని కోట్ల డాలర్లు, కొత్తగా ఎన్ని ఉద్యోగాలొచ్చాయి, మార్కెట్ ఎటు పోతోంది అన్న లెక్కలు మర్నాడు పత్రికల వాణిజ్య పేజీల్లో వస్తాయి. చూడటానికి ఆ పేజీకీ స్త్రీల జీవితాలకీ ఏ సంబంధమూ ఉన్నట్టుండదు. కానీ ఆ అంకెలు కార్పొరేట్ ఆఫీసుల్లోనే ఆగిపోవు. గోదావరి డెల్టాలో ఏ చేను అమ్మాలి, ఏ పిల్లని ఎంతవరకు చదివించాలి, ఎంత కట్నానికి ఏ అల్లుణ్ణి తేవాలి అన్న నిర్ణయాల వెనక కూడా అవి నిలబడి ఉంటాయి. అందుకే ఈ అంచనాల చరిత్రని ఒక ఊరి వైపు నుంచి, ఆడవాళ్ళ వైపు నుంచి చదవాలన్నది ఈ వ్యాస ఉద్దేశం.

ఆ ఊరు కోనసీమలోని ఐ.పోలవరం. గౌతమి పాయ ఒడ్డున ఉన్న మండలం ఇది. మొన్నటిదాకా తూర్పు గోదావరి జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి కోనసీమ జిల్లా. వరి, కొబ్బరి, రొయ్యల చెరువులు, సముద్రం వైపు మత్స్యకార పల్లెలు. ఈ మండలంలోని ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి 1998 మార్చిలో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ పదవిని చేపట్టిన మొదటి దళితుడు ఆయన. అదే ఏడాది నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఎదుర్లంక రేవులో పంటెక్కి యానాం వెళ్ళే రోజులు పోయి, ఆయన పేరుతోనే గౌతమి మీద వంతెన వచ్చింది. ఊరు దాటి బయటికి వెళ్ళటం తేలికైంది. అయితే ఎవరు ఎక్కడికి వెళ్ళారు, ఎవరి ప్రయాణాన్ని ఎవరు లెక్కగట్టారు అన్నదే ప్రశ్న.

ఈ ప్రాంతానికి పరదేశపు మార్కెట్టు కొత్తది కాదు. వంతెన దాటి యానాం మీదుగా వెళితే తాళ్ళరేవు మండలంలో ఇంజరం వస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం తొలి రోజుల నుంచి 1820ల చివరిదాకా ఈస్టిండియా కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ నడిపింది. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు కావు, బట్ట సేకరించే కొఠీ. ఇంజరం సన్నబట్టకి పేరు. ఇటు నరసాపురం దగ్గర మాధవాయపాలెం పేరు ఇంగ్లీషువాళ్ళ నోట మెడపోలం అయి, ఒక రకం బట్టకే పేరుగా నిలిచిపోయింది. వచ్చే అమ్మకాల్లో ఏ రకం బట్ట ఎంత పోతుందో లండన్‌లో డైరెక్టర్లు ఊహించి ఏటా జాబితా పంపేవారు. దాన్నిబట్టి ఇక్కడ నేతగాళ్ళకి బయానా ముట్టేది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది మార్కెట్ అంచనానే.

ఆ జాబితాలో బట్ట ఉంది. బయానా పుస్తకంలో నేతగాడి పేరుంది. నూలు వడికిన ఆడమనిషి లేదు. ఒక మగ్గం ఆడాలంటే ఎన్నో రాట్నాలు తిరగాలి. ఆ రాట్నాల ముందు కూచున్నది ఎక్కువగా కూలి కుటుంబాల స్త్రీలు, వితంతువులు. పొలం పని లేని రోజుల్లో, ఇంటి చాకిరీ మధ్య దొరికిన సమయంలో వడికేవారు. మిల్లునూలు దిగుమతయ్యాక ముందు దెబ్బ తగిలింది వాళ్ళకే. నేతగాడు కొన్నాళ్ళు ఆ మిల్లునూలు కొనుక్కుని నేసుకోగలిగాడు. రాట్నం తిప్పే మనిషికి ఆ దారి కూడా లేదు. 1828లో శాంతిపూర్ నుంచి నూలు వడికే ఒక వితంతువు రాసిన ఉత్తరం బెంగాలీ పత్రిక సమాచార దర్పణ్‌లో అచ్చయింది. తన బతుకు ఎలా తలకిందులైందో అందులో చెప్పుకుంది. అలాంటి గొంతు వినబడటం అరుదు. మగ్గం ఆగినప్పుడు దాన్ని చేతివృత్తుల పతనమని చరిత్రకారులు రాశారు. రాట్నం ఆగటం ఆ కథలో పాదసూచిక స్థాయిలోనే మిగిలింది.

ఇక మన కాలానికి వద్దాం. 1999లో నాస్కామ్, మెకిన్సే కలిసి ఒక నివేదిక తెచ్చాయి. 2008 నాటికి భారత ఐటీ రంగం 8,700 కోట్ల డాలర్లకి, అందులో ఎగుమతులు 5,000 కోట్ల డాలర్లకి చేరతాయన్నాయి. అదే మెకిన్సే సాయంతో తయారైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు విజన్ 2020 కూడా 1999లోనే వచ్చింది. 2007–08 నాటికి ఎగుమతులు నిజంగా చేరింది సుమారు 4,000 కోట్ల డాలర్లకి. 2010 నాటికి ఎగుమతులు 6,000 కోట్ల డాలర్లవుతాయని 2005లో మరో అంచనా వేశారు. చేరింది 5,000 కోట్ల దగ్గరికి. 2009లో 2020కి ఎగుమతుల అంచనా 17,500 కోట్ల డాలర్లు, తేలింది సుమారు 14,700 కోట్లు. రంగం పెరిగిన మాట వాస్తవం, అసాధారణంగానే పెరిగింది. కానీ అంచనాకీ వాస్తవానికీ మధ్య తేడా ప్రతిసారీ ఒకే వైపు ఉంది. అమెరికాలో ఎన్నికల తర్వాతి అనిశ్చితి వల్ల 2017 ఫిబ్రవరిలో నాస్కామ్ మరుసటి ఏడాది అంచనా ప్రకటించడాన్నే వాయిదా వేసింది.

నివేదికలో ఆ తేడా కొన్ని శాతాలు. ఊళ్ళో అదే తేడా ఎకరాల్లో, వడ్డీల్లో, ఇంట్లో కూచున్న కూతుళ్ళలో కనబడుతుంది.

ఎలాగో చూద్దాం. వై2కె రోజుల్లో పాత ప్రోగ్రాములు సరిదిద్దేందుకు అమెరికా కంపెనీలకు మనుషులు కావలసి వచ్చారు. ఏడాదికి 65,000 ఉన్న హెచ్1బి వీసాల పరిమితిని 1999లో 1,15,000కి, 2001లో 1,95,000కి పెంచారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ శిక్షణ కేంద్రాలు నిండిపోయాయి. కోస్తా నుంచి వచ్చిన కుర్రాళ్ళు కోర్సు ఫీజు, ఏజెంటు ఫీజు, వీసా ఖర్చు, ఉద్యోగం దొరికేదాకా 'బెంచి' మీద కూచునే నెలల ఖర్చు భరించాలి. ఆ పెట్టుబడి ఎక్కడిది? చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో 2000–01లో హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ తెలుగు ఐటీ ఉద్యోగుల మధ్య ఉండి పరిశోధన చేసి, 2007లో పుస్తకం తెచ్చాడు. ప్రపంచ మార్కెట్‌కి చవకగా, కోరినప్పుడల్లా అందే ఈ శ్రామికుణ్ణి తయారు చేయటంలో కట్నానికీ, స్త్రీల జీతం లేని శ్రమకీ పెద్ద పాత్ర ఉందని అతను తేల్చాడు. కంపెనీ పెట్టని పెట్టుబడిని పెళ్ళికూతురి తండ్రి పెట్టాడన్నమాట.

ఇందులో మరో చేదు సంగతి ఉంది. ఆడపిల్లలకు తండ్రి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిచ్చిన తొలి రాష్ట్రాల్లో మనదొకటి. 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణ, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి వర్తించింది. డెల్టాలో పసుపు కుంకుమల కింద కూతురికి పొలం రాసే అలవాటు అంతకుముందు నుంచీ ఉంది. చట్టం వచ్చాకా ఆమె వాటా కట్నం రూపంలోనే కదిలింది. ఆమె పేరున ఉన్న ఎకరం అమ్ముడై ఒక వీసా అయింది. ఆ వీసా మీద ఆమె భార్య హోదాలో హెచ్4తో వెళ్ళింది. ఎంత చదువుకున్నా ఆ హోదాలో ఆమెకు ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015 మేలో కొందరు హెచ్4 భార్యలకి అనుమతి దొరికేదాకా ఎందరో ఇంజనీర్లు అక్కడ వంటింట్లోనే ఉన్నారు. తన భూమి పెట్టుబడిగా పోయిన మార్కెట్‌లోకి అడుగుపెట్టే అర్హత తనకే లేకపోయింది.

ఇదే మండలంలోని మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడికి పెళ్ళి కావలసిన పిల్లల పేరున కల్యాణం జరిపించడానికి దూరప్రాంతాల నుంచి కూడా వస్తారు. పెళ్ళి కుదరటం కుదరకపోవటం దేవుడి చేతిలో ఉందని నమ్మే ఆ తల్లిదండ్రులకి నాస్‌డాక్ సూచీ గురించి తెలియకపోవచ్చు. కానీ 2000లో డాట్‌కామ్ బుడగ పగిలినప్పుడు, 2008లో లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు, 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకున్నప్పుడు పెళ్ళి మార్కెట్ కూడా కదిలింది. కుర్రాడి ఉద్యోగం పోతే ఇచ్చిన కట్నం వెనక్కి రాదు. పైగా అదనపు కట్నం అడిగే సందర్భం అవుతుంది. మార్కెట్ నష్టాన్ని ఇలా చివరికి మోసేది కోడలే.

ఇక రెండో ఎగుమతి. సాఫ్ట్‌వేర్ కంటే ముందు నుంచీ కోనసీమ మరో సేవని ఎగుమతి చేస్తోంది. కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్ళల్లో వండి, తుడిచి, పిల్లల్ని పెంచే ఆడవాళ్ళని. ఖద్దామా అన్న అరబ్బీ మాట గోదావరి జిల్లాల్లో ఇప్పుడు తెలుగు మాటే. వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల స్త్రీలు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయుల్ని ప్రభుత్వం వెనక్కి తెచ్చింది. యుద్ధం ముగిశాక ప్రయాణాలు మళ్ళీ మొదలయ్యాయి. వీళ్ళు పంపిన డబ్బుతో పెంకుటిళ్ళు డాబాలయ్యాయి, పిల్లలు కాన్వెంటుకి వెళ్ళారు. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ తోడై, ఖద్దామాగా వెళ్ళిన తల్లుల కూతుళ్ళు ఇంజనీరింగ్ మెట్లెక్కారు.

ఆర్థికశాస్త్ర పరిభాషలో రెండూ సేవలే. రెండూ విదేశీ మారకం తెచ్చేవే. ఒకదానికి నాస్కామ్ ఉంది, మెకిన్సే ఉంది, గార్ట్‌నర్ ఉంది. రెండోదానికి ఉన్నది ఏజెంటు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి రాయితీలు, సెజ్‌లు, మంత్రుల విదేశీ పర్యటనలు. ఇంటిపని మనిషికి ఇమిగ్రేషన్ చెక్, 30 ఏళ్ళ కనీస వయసు నిబంధన. రక్షణ పేరుతో పెట్టిన ఆ ఆంక్షలు చాలామందిని దొంగదారి ఏజెంట్ల వైపే నెట్టాయి. ఇంటిపనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన ఒప్పందాన్ని భారతదేశం ఇంకా ఆమోదించలేదు. వారానికో సెలవు, రోజుకి 12 గంటలు మించని పని అన్న చట్టం కువైట్‌లో వచ్చింది 2015లో. అది అమలయ్యేది తలుపు వెనకాల, యజమాని దయ మీద. దేశానికొచ్చే సొమ్ములో అమెరికా వాటా అన్నిటికంటే ఎక్కువని, గల్ఫ్ దేశాల వాటా 38 శాతానికి తగ్గిందని రిజర్వు బ్యాంకు 2023–24 సర్వే చెప్పింది. ఆ 38 శాతంలో అంట్లు తోమిన చేతుల వాటా ఎంతో విడిగా చూపే పద్దు అందులో లేదు.

మూడో ఎగుమతి కూడా ఉంది. దానికసలు ఎగుమతి అన్న పేరే లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కూతురికి, కోడలికి పురుడు పోయడానికి వెళ్ళే అమ్మలు. విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు కాబట్టి ముందు పిల్ల తల్లి, ఆమె తిరిగొచ్చేసరికి పిల్లాడి తల్లి. ఊరగాయల జాడీలతో, పథ్యం కారప్పొడులతో వంతులవారీగా సాగే ఈ షిఫ్టుల వల్లే ఇద్దరు ఇంజనీర్లు డెడ్‌లైన్లు అందుకోగలుగుతున్నారు. ఆ బిడ్డని అక్కడి డేకేర్‌లో చేర్చి నెలనెలా డాలర్లలో ఫీజు కడితే అది లెక్కలోకి వస్తుంది. అమ్మమ్మ పెంచితే ప్రేమ అవుతుంది.

ఈ రంగం స్త్రీలకు మేలు చేయలేదని అనటం నా ఉద్దేశం కాదు. నాస్కామ్ లెక్కల్లోనే ఐటీ ఉద్యోగుల్లో మూడో వంతుకు పైగా స్త్రీలు. హాస్టల్లో ఉంటూ సొంత జీతం అందుకుని, కాదనుకున్న పెళ్ళిని కాదనగలిగిన తొలి తరం వీళ్ళది. కోనసీమ అమ్మాయిలకి హైదరాబాద్, బెంగళూరు ఇచ్చిన ఆ స్వేచ్ఛ చిన్నది కాదు. సరిగ్గా అందుకే ఇప్పుడు వస్తున్న అంచనాలు మనకు పట్టాలి. కృత్రిమ మేధ వచ్చాక కొత్తగా చేరేవాళ్ళు చేసే పనులే ముందు తగ్గుతాయంటున్నారు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతం, అంటే 12,000 మందికి పైగా తొలగిస్తామని ప్రకటించింది. సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము పెట్టింది. ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకుకీ కూతురికీ మధ్య ఇల్లు ఎంచుకోవలసి వస్తే ఎవరి మీద పెట్టుబడి ఆపేస్తారో ఊహించడానికి మెకిన్సే అక్కర్లేదు. గల్ఫ్‌లో అంట్లు తోమి తల్లి కూడబెట్టినది, కూతురి తొలి ఉద్యోగం దొరకని ఏడాదిలో కట్నంగా మారిపోయే ప్రమాదం ఉంది.

ఇంజరం జాబితాలో నూలు వడికిన స్త్రీ లేదు కనక ఆమె నష్టం ఎవరికీ నష్టంగా తోచలేదు. ఇప్పుడు మనకు ఆ సాకు లేదు. యూనివర్సిటీల్లో మన విద్యార్థినులున్నారు, ఊళ్ళల్లో మాట్లాడే స్త్రీలున్నారు. ఖద్దామాగా ఇరవయ్యేళ్ళు చేసి వచ్చిన వాళ్ళ జీవిత కథలు, వీసాకి తమ పొలం ఇచ్చిన కోడళ్ళ కథలు, పురిటి షిఫ్టులు చేసిన అమ్మల కథలు రికార్డు చేయాలి. ఏ పొలం ఏ ఏడాది ఎందుకు అమ్ముడైందో రిజిస్ట్రేషన్ కాగితాలు తీసి వాళ్ళని అడగాలి. ఎగుమతుల చరిత్ర రాయటానికి నివేదికలతో పాటు ఆ కాగితాలు, ఆ జ్ఞాపకాలు కూడా ఆధారాలే. వాటిని చేర్చాక వచ్చే ఫిబ్రవరి సమీక్షని పక్కన పెట్టుకుని చదివితే, పెరుగుదల శాతాల కింద ఎవరి వాటా మునిగి ఉందో కొంతైనా తేలుతుంది.