బాలుని సాక్ష్యము : నవలయా? చరిత్రయా?

నిజాము పరిపాలనాకాలపు తెలంగాణ సాంఘికచరిత్రను వ్రాయబూనిన పరిశోధకునకు నవలల జోలికి పోక తప్పదు. వెట్టిచాకిరినిగూర్చియు, గడీలలోని జీవితమునుగూర్చియు సర్కారు కాగితములు లేకపోలేదు. కాని యవి సర్కారు చూపుతో వ్రాయబడినవి. కావున మన విద్యార్థులు వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ (1955)ని, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ (1969)ను ప్రమాణగ్రంథములవలె ఉదాహరించుచుందురు. చరిత్రశాఖవారు దీనిని జూచి పెదవి విరతురు. కల్పన యెట్లు సాక్ష్యమగునని వారి యాక్షేపణ. సాహిత్యశాఖవారు ‘జీవితమునకు దర్పణము’ అను పాతమాటతో సమాధానము చెప్పి తృప్తిపడుదురు. ఈ రెండును చాలవు. ఆక్షేపణలో బలమున్నది, సమాధానములో బలము లేదు.

ఈ ప్రశ్నను మన నవలలమీదనే పరీక్షించినచో అభిమానములు అడ్డువచ్చును. అందుచేత దూరదేశపు నవల నొకదానిని ముందుగా పరిశీలించి, పిదప మన నేలకు వచ్చుట మేలని నాకు తోచినది. నాజీల యూదసంహారమున మరణించిన సుమారు 60 లక్షలమందిలో 15 లక్షలమంది వరకు పిల్లలు. ఆ పిల్లలలో ఒకడై, బ్రదికి బయటపడి, తన యనుభవమును నవలగా వ్రాసినవాడు హంగేరీ రచయిత ఇమ్రె కెర్తేస్ (1929–2016). హంగేరియను భాషలో ‘షోర్ష్‌తలన్‌షాగ్’ అను నా నవలను ఒక ప్రచురణసంస్థ 1973లో త్రిప్పిపంపెను. 1975లో వేరొక సంస్థ ప్రకటించినప్పుడును స్వదేశమున దానిని పట్టించుకొన్నవారు కొద్దిమందియే. 2002లో కెర్తేస్‌కు నోబెల్ బహుమానము వచ్చిన పిదపగాని లోకమంతయు దానిని చదువలేదు.

1944 మార్చి 19న జర్మను సేనలు హంగేరీని ఆక్రమించెను. మే నెల నడుమనుండి జూలై మొదటివారము దాటువరకు, రెండు నెలలైనను నిండకుండ, సుమారు 4,37,000 మంది యూదులను రైళ్లలో తరలించిరి. వారిలో అత్యధికులు చేరినది ఔష్‌విట్స్. ఈ పని జర్మనులు ఒంటరిగా చేసినది కాదు. హంగేరీ పోలీసులు, గుమస్తాలు, రైలు ఉద్యోగులు దీనికి చేయూతనిచ్చిరి. నవలలోని బాలుని అరెస్టు ఘట్టమును చదువునప్పుడు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను.

బాలుని పేరు గ్యోర్గ్ కొవెష్. వయసు పదునాలుగేండ్లు. తండ్రిని నిర్బంధశ్రమకు పంపుటతో కథ మొదలగును. ఒకనాడు బాలుడు పనికి పోవుచు బస్సులో నుండగా పోలీసువాడొకడు బస్సు నాపి యూదులను దింపును. ఆ పోలీసువాడు కఠినుడు కాడు, ఒకవిధమున సిగ్గుపడుచున్నవాడు. పిల్లలు దానిని ఆటవలె భావింతురు. అటనుండి ఇటుకలబట్టీకి, ఇటుకలబట్టీనుండి రైలుపెట్టెలోనికి, రైలుపెట్టెనుండి ఔష్‌విట్స్ వేదికమీదికి కథ మెల్లమెల్లగా నడచును. రైలు దిగిన పిల్లల చెవిలో చారలబట్టలవారు రహస్యముగా ఒక సంఖ్యను చెప్పుదురు: వయసడిగినచో పదునారని చెప్పుమని. ఎందుకో బాలునకు తెలియదు; చెప్పును; బ్రదుకును. పిదప బూకెన్‌వాల్డ్, అటుపై జైట్స్ శిబిరము, ఆకలి, పుండ్లు, ఆసుపత్రి. చివరకు విడుదలయై బుడాపెస్టునకు తిరిగి వచ్చును.

కథాసంగ్రహమును జూచినచో ఇట్టివి వేరెన్నో కలవనిపించును. ఈ నవల ప్రత్యేకత కంఠస్వరమునందున్నది. బాలుడు దేనికిని ఆశ్చర్యపడడు. జరిగిన ప్రతిదానిని ‘సహజముగా’ అను మాటతో కలిపి చెప్పును. చదువరికి చీదర పుట్టును, కోపము వచ్చును. ఈ పిల్లవానికి బుద్ధి లేదా యనిపించును. కొంతదూరము పోయినపిదప తెలియును: తరువాత జరుగబోవునది చదువరికి తెలియును, బాలునకు తెలియదు. ‘యూదసంహారము’ అను పేరు ఆనాటికి లేదు. అతనికి తెలిసినది ఈ నిముషము, దాని తరువాతి నిముషము. చరిత్రకారుడు అంత్యమునుండి వెనుకకు చూచును. అనుభవించినవాడు అడుగు తరువాత అడుగు వేయుచు ముందునకు నడచెను. తిరిగి వచ్చిన బాలుడు ఇరుగుపొరుగు వృద్ధులతో వాదించునదియు ఇదియే. వారు మరచిపొమ్మందురు. అతడు, ‘అది దానంతట వచ్చిపడలేదు, మనమందరము అడుగులు వేసితిమి’ అను భావమును చెప్పబోవగా వారు మండిపడుదురు. ఒక పత్రికావిలేఖరి శిబిరపు నరకమును వర్ణింపుమని కోరును. నరకమును తానెరుగననియు, శిబిరమును మాత్రమే యెరుగుదుననియు బాలుడు బదులు చెప్పును. నవల ముగియుచుండగా అతడు శిబిరములోని సంతోషమునుగూర్చి మాటలాడదలచుకొనుట కొందరికి నేటికిని మింగుడుపడని విషయము. నా దృష్టిలో నవల మొత్తములో నమ్మదగిన వాక్యములు అవియే. సానుభూతికొరకు వ్రాయువాడు వాటిని వ్రాయడు.

నవల పేరునకు ‘విధి లేకపోవుట’ యని యర్థము. విధి యున్నచో స్వేచ్ఛ లేదు, స్వేచ్ఛ యున్నచో విధి లేదు అనునది బాలుడు చేరు నిర్ణయము. తనమీద పడినది తనది కాదు. ఐనను దానియందు తాను నడచినాడు. తెలుగున ‘విధిలేక’ యను మాటకు వేరు గతి లేక, తప్పనిసరియై యని వాడుకార్థము. విధి లేకున్న స్వేచ్ఛ యుండవలెను. మన వాడుకలో విధి లేనివాడే నిర్బంధితుడు! కెర్తేస్ ఈ చిక్కును వివరించుటకు నవలంతయు వ్రాసెను. మన పల్లెలవారు ఒక్క మాటలో పెట్టికొన్నారు. అనువాదకు డెవరైన పూనుకొన్నచో ఈ పలుకుబడిని విడువరాదు.

ఇక ప్రమాణవిచారము. నోబెల్ ఉపన్యాసమున కెర్తేస్ ఒక సంగతి చెప్పెను. బూకెన్‌వాల్డ్ స్మారకసంస్థ అధికారి అతనికి ఒక కాగితపు నకలును పంపెను. అది 1945 ఫిబ్రవరి 18 నాటి శిబిరపు దినచర్యాపత్రము. అందు ‘తగ్గినవారు’ అను శీర్షికక్రింద 64921 సంఖ్యగల ఖైదీ ఇమ్రె కెర్తేస్, కర్మాగారకార్మికుడు, యూదుడు, జననము 1927, మరణించినట్లు నమోదై యున్నది. పుట్టిన యేడు తప్పు. పిల్లవానిగా లెక్కింపబడకుండ తానే రెండేండ్లు హెచ్చించి చెప్పెను. వృత్తి తప్పు, విద్యార్థి యన్నచో పనికిరానివాడగునని కార్మికుడనెను. మరణము తప్పు, అతడు అర్ధశతాబ్దము గడచినపిదప నోబెల్ వేదికపై నిలచి దానిని చదివెను. ముద్ర పడిన, తేదీ గల, శత్రువు తనకొరకు తాను వ్రాసికొన్న ప్రథమశ్రేణి పత్రము! అందు పేరును, సంఖ్యయును, యూదుడనుటయును మాత్రమే నిజములు. వయసునుగూర్చిన అబద్ధ మేల పుట్టినదో తెలుపునది నవల.

ఈ ఉదంతము మన ప్రాంతపువారికి వింతగా తోచదు. పట్వారీ వ్రాసిన పహాణీలో భూమి యెవరి పేర నున్నది, దున్నుచున్నవాడెవడు అను రెండు ప్రశ్నలకు రెండు జవాబు లుండుట తెలంగాణమున ప్రతి పల్లె యెరిగిన విషయము. దఫ్తరమున నున్నది కావున సత్యమనుకొనువాడు చరిత్రకారుడు కాడు, గుమస్తా.

అట్లని నవలాకారుని మాట నెల్ల శిరసావహింపవలెనా? దీనికి విరుద్ధమైన యుదాహరణము 1995లో జర్మనుభాషలో వెలువడినది. బిన్యమిన్ విల్కొమిర్‌స్కీ అను పేరుతో, శిబిరములలో శైశవము గడపినవాని స్మృతులుగా ఒక గ్రంథము వచ్చెను. విమర్శకులు చేతులెత్తి మ్రొక్కిరి, బహుమానములు వచ్చెను. 1998లో స్విస్ పత్రికారచయిత డానియేల్ గాన్స్‌ఫ్రీడ్ దాని గుట్టు బయటపెట్టెను. పిదప స్టెఫాన్ మేక్లర్ అను చరిత్రకారుడు దఫ్తరములు శోధించి, ఆ రచయిత 1941లో స్విట్జర్లాండులోనే పుట్టి, ఒక జ్యూరిక్ కుటుంబమునకు దత్తుపోయిన బాలుడనియు, అతని యసలు పేరు బ్రూనో గ్రోజాన్ అనియు తేల్చెను. గమనింపుడు: ఇచట కాగితమే సత్యము చెప్పినది, స్మృతియే అబద్ధమాడినది. జెర్జీ కొషిన్‌స్కీ ‘పెయింటెడ్ బర్డ్’ (1965) వేరొక తరగతికి చెందును. అది నవలగనే ప్రకటింపబడినను రచయిత స్వానుభవమని జనులు నమ్మునట్లు మెలగెను. తరువాత విచారింపగా అతని కుటుంబము ఒక పోలిష్ పల్లెలో క్రైస్తవుల యాశ్రయమున దాగి బ్రదికినదని తేలెను. కాచినవారిని క్రూరులుగా చిత్రించుట కళాస్వాతంత్ర్యమున కెంతవరకు చెందునో పాఠకులు విచారింపవచ్చును. కెర్తేస్ మాత్రము తన పుస్తకము నవలయే యనియు, ‘ఆత్మకథాత్మక నవల’ యను జాతియే లేదనియు పట్టుబట్టెను. ఆ పట్టుదలయే అతనిని నమ్ముటకు నాకు కనబడు మొదటి కారణము.

భారతీయులకు దగ్గరైన ఘట్టమొకటి ఇచట చెప్పవలెను. 1942 జూలై 18న వార్సా గెట్టోలోని అనాథబాలుర గృహమున జానుష్ కోర్చాక్ అను వైద్యుని పిల్లలు రవీంద్రుని ‘డాక్ ఘర్’ నాటకము నాడిరి. చావు దగ్గరపడిన అమలుడను బాలుడు కిటికీకడ కూర్చుండి రాజుగారి జాబుకొరకు ఎదురుచూచుట ఆ నాటకమునందలి వస్తువు. ఆగస్టు మొదటి వారమున కోర్చాక్‌ను, సుమారు 200 మంది పిల్లలను త్రెబ్లింకాకు పంపి చంపిరి. ఈ తేదీలకు ఆధారములు కలవు. అమలుని పాత్ర నాడిన పిల్లవాడు ఆ మాటలు పలుకుచు ఏమనుకొనెనో చెప్పు ఆధారము లేదు. అచట నవలాకారుడు ప్రవేశింపవచ్చును, చరిత్రకారుడు ప్రవేశింపరాదు. ప్రవేశించినచో తాను వేషము మార్చితినని చెప్పవలెను.

ఇప్పుడు మన నేలకు వత్తము. నిజామాబాదు జిల్లాలో ఇందూరుకోట జైలుగోడలమీద 1948లో దాశరథి కృష్ణమాచార్యులు బొగ్గుతో పద్యములు వ్రాసిన కథ అందరెరిగినదే; ఆళ్వారుస్వామి ఆ జైలున సహఖైదీ. పెద్దల సాక్ష్యము మనకు ఈ విధముగ పుష్కలముగా నున్నది. పిల్లల సాక్ష్యము లేదు. 1948లో ఎనిమిది, పదేండ్ల ప్రాయమున నున్నవారికి నేడు ఎనుబది యేండ్లు దాటినవి. ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు, మోర్తాడు గ్రామములలో అట్టివారు ఇంకను కలరు. వారి మాటలు వ్రాసికొనుటకు మిగిలిన కాలము స్వల్పము.

వ్రాసికొనునప్పుడు పరీక్ష యెట్లు? ఆర్మూరు ప్రాంతమున పంచాంగముకంటె నమ్మదగినది పసుపుపంట. తొలకరిలో నాటిన పసుపు పుష్యమాఘములలో త్రవ్వుదురు. పిదప ఉడుకబెట్టి, ఆరవేసి, కొమ్ములకు మెరుగుపెట్టుదురు. పోలీసుచర్య జరిగినది 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వరకు. అనగా వినాయకచవితి దాటిన భాద్రపద శుక్లపక్షము. అప్పటికి పసుపు చేనున పచ్చగా నిలిచియుండును. ‘పసుపు ఉడుకబెట్టుచుండగా సైన్యము వచ్చినది’ అని ఒక వృద్ధుడు చెప్పెననుకొందము. అతడు అబద్ధమాడుచున్నాడని కొట్టివేయరాదు. చెప్పినది చెప్పినట్లు గ్రహింపనురాదు. ఆ శీతకాలపు చివర రజాకార్ల భయమును, వర్షాకాలపు చివర సైన్యపు రాకయును పిల్లవాని మనసున ఒక్కటిగా కలిసిపోయినవేమో విచారింపవలెను. అట్లయినచో తేదీ పోయినను రెండు భయములు దొరకును.

మరియొక మాట. సాక్ష్యము ఒక్క వాడనుండి తెచ్చిన చాలదు. పోలీసుచర్య తరువాతి దౌర్జన్యములను విచారించిన సుందర్‌లాల్ సంఘము, చంపబడినవారు తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 వరకు నుందురని అంచనా వేసినది. వారిలో అత్యధికులు ముస్లిములు. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రజలకు అందలేదు. హెచ్చు నష్టము పొందినవని అది పేర్కొన్న ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో నాందేడు మన జిల్లాకు సరిహద్దు. సెప్టెంబరుకు ముందు రజాకార్లకు వెరచి తలుపులు మూసికొన్న యింటి పిల్లలు కలరు. సెప్టెంబరు తరువాత తలుపులు మూసికొన్న యింటి పిల్లలును కలరు. వీరిలో ఒకరినే అడిగిన పరిశోధన సగము పరిశోధన. దీనిని యూదసంహారముతో సమానము చేయుట నా యుద్దేశము కాదు. అచట ఒక రాజ్యము ఒక జాతిని సమూలముగా తుడిచివేయుటకు యంత్రాంగమును నిర్మించెను. ఇచటి చరిత్ర వేరు. పోలిక పిల్లవాడు చూచు రీతియందు మాత్రమే.

ఆ వృద్ధులను అడుగునప్పుడు ‘రజాకార్లను చూచితిరా? సైన్యమును చూచితిరా?’ అని మొదలుపెట్టినచో సినిమాలలోను, సభలలోను విన్న మాటలే తిరిగి వచ్చును. కెర్తేస్ నవలలోని విలేఖరి చేసిన పొరపాటు ఇదియే. ఎత్తుకొనవలసిన ప్రశ్న వేరు: పోలీసుచర్య తరువాత వచ్చిన మాఘమాసమున మీ చేని పసుపు త్రవ్వినదెవరు, ఉడుకబెట్టినదెవరు, అంతకు ముందటేడు వచ్చినవారిలో ఆ యేడు రానివారెవరు? ఉర్దూలో చెప్పువారి మాట ఉర్దూలోను, తెలుగులో చెప్పువారి మాట తెలుగులోను, ‘సహజముగా’ వంటి ఊతపదములు సైతము విడువక, పలికినది పలికినట్లు వ్రాసికొనవలెను.