మంచూ స్త్రీల కేశబంధాలు, శిరోభూషణాలు

తెలుగునాట తినుబండారం పేరుగానే పరిచయమైన ‘మంచూరియా’ నిజానికి చైనా ఈశాన్య భాగాన గల ఒక ప్రాంతం పేరు. అక్కడి నుండి వచ్చిన మంచూ జాతివారు 1644లో బీజింగ్‌ను స్వాధీనం చేసుకొని, చింగ్ వంశం పేరిట 1912 వరకు చైనాను పరిపాలించారు. పాలితులైన హాన్ చీనీయులతో పోల్చితే వారి సంఖ్య బహు స్వల్పం. పరభాషా జనసముద్రం నడుమ తమ జాతి కలసిపోకుండా నిలుపుకొనేందుకు వారు ఆశ్రయించిన గుర్తులలో స్త్రీల కేశబంధం ఒకటి.

శాసనాల నీడలో

హాన్ పురుషులు తల ముందుభాగం గొరిగించుకొని, వెనుక మంచూల వలె జడ వేసుకోవలెనని 1645లో శాసనం వెలువడింది. కాదన్నవారికి మరణశిక్ష. హాన్ స్త్రీలకు మాత్రం ఈ నిర్బంధం లేదు. వారు తమ ముడులను, పాదాలను బిగించి కట్టే ఆచారాన్ని యథాప్రకారం కొనసాగించారు. మంచూ స్త్రీలు పాదాలు కట్టుకొనరాదు, హాన్ స్త్రీల వేషం వేయరాదు. ఒక్కొక్క చెవికి మూడేసి పోగులు ధరించడం వారి ఆచారం. అంతఃపురానికి ఎంపిక కోసం వచ్చిన కన్యలు ఒక్క పోగుతో కనిపించగా, చియెన్‌లాంగ్ చక్రవర్తి 1775లో మందలించాడు. శాసనం పదేపదే చేయవలసి వచ్చినదంటే, పొరుగువారి అలవాట్లు అప్పటికే ఇళ్లలోకి ప్రవేశించాయన్నమాట.

జడ నుండి ముడి వరకు

చిన్నతనంలో ఆడపిల్లలకు కూడా మగపిల్లల వలెనే తల చుట్టూ గొరిగి, మిగిలిన జుట్టును జడగా అల్లేవారు. యుక్తవయస్సు సమీపించిన తరువాత జుట్టు పూర్తిగా పెంచేవారు. పెళ్లయిన స్త్రీ నడినెత్తిన ముడి వేసుకొనేది.

ఈ ముడులలో ప్రసిద్ధమైనది ‘లియాంగ్‌బాతౌ’. ‘రెండు పిడికెళ్ల జుట్టు’ అని దీని భావం. జుట్టును నడినెత్తికి చేర్చి, రెండు పాయలుగా విడదీసి, అడ్డంగా ఉంచిన పలుచని పట్టీకి కుడి ఎడమలుగా చుట్టేవారు. ఈ పట్టీ పేరు ‘బియెన్‌ఫాంగ్’. బంగారం, వెండి, పచ్చరాయి, దంతం, కొయ్య మొదలైన వాటితో దీనిని చేసేవారు. ఇంటి స్థితిగతులు అందులోనే తెలిసిపోయేవి. మెడ వెనుక మిగిలిన జుట్టును పిచ్చుకజాతి పక్షి తోక వలె చదునుగా దిద్దేవారు.

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ ముడి పెరిగి ‘దాలాచి’ అయింది. తీగల చట్రంపై నల్లని పట్టువస్త్రం కప్పి, రెక్కలు విప్పినట్లు తయారుచేసిన ఈ ఫలకాన్ని టోపీ వలె పెట్టుకొని తీసివేయవచ్చు. జుట్టు పలుచనైన వారికి కూడా ఇది అనుకూలం. మధ్యలో పెద్ద పువ్వు, పక్కన భుజం వరకు వ్రేలాడే పట్టుకుచ్చు దీని అలంకారాలు. 1908లో మరణించిన రాజమాత ట్సూషీ ఛాయాచిత్రాలలో ఈ భూషణం స్పష్టంగా కనిపిస్తుంది. అంతకు పూర్వపు తీరును స్కాట్లండు ఛాయాగ్రాహకుడు జాన్ థామ్సన్ 1871-72లో బీజింగ్‌లో తీసిన చిత్రాలలో చూడవచ్చు.

పండుగలకు, శుభకార్యాలకు ‘దియెన్‌జి’ అనే శిరోభూషణం ధరించేవారు. తీగ చట్రంపై ముత్యాలు, రత్నాలు, లకుముకి పిట్ట ఈకలు అమర్చేవారు. పూతపూసిన లోహంపై అతికించిన ఆ నీలి ఈకల వన్నె శతాబ్దాలు గడిచినా తరగదు. ఈ పని పక్షుల ప్రాణాలకు ముప్పు కావడంతో నేటి పనివారు రంగువేసిన ఇతర ఈకలను, పట్టును వాడుతున్నారు.

కత్తిరించిన జుట్టు

మంచూ సంప్రదాయంలో స్త్రీ జుట్టు కత్తిరించుకోవడం భర్త లేదా అత్తగారి మరణానికి పాటించే ఘోర సంతాపచిహ్నం. 1765లో దక్షిణదేశ యాత్రలో చియెన్‌లాంగ్ మహారాణి, నర వంశజురాలు, జుట్టు కత్తిరించుకొన్నది. అప్పటికి భర్తా, అత్తగారూ జీవించే ఉన్నారు, యాత్రలోనూ ఉన్నారు. ఆమెను వెంటనే బీజింగ్‌కు పంపివేశారు. మరుసటి సంవత్సరం ఆమె మరణించగా, మహారాణికి తగిన అంత్యక్రియలు జరగలేదు, విడిగా సమాధియు నిర్మించలేదు.

గుర్తే గండమైన వేళ

1911 అక్టోబరులో విప్లవం చెలరేగింది. వూచాంగ్, షీఆన్ నగరాలలో మంచూలను వెదకి చంపారు. కట్టని పాదాలు, వేషధారణ, మాటతీరు వారిని పట్టి ఇచ్చాయి. పాలకజాతి గౌరవానికి చిహ్నమైనదే ప్రాణాపాయానికి హేతువైంది. అనేక కుటుంబాలు పేర్లు మార్చుకొన్నాయి, వేషం మార్చుకొన్నాయి. కడపటి చక్రవర్తి పూయీని 1922లో వివాహమాడిన వాన్‌రోంగ్ దాలాచితో ఉన్న ఛాయాచిత్రాలు కలవు. 1924లో ఆ దంపతులు రాజప్రాసాదం విడిచారు. క్రమేణా ఆ శిరోభూషణం నిత్యజీవితం నుండి తొలగిపోయింది.

నేడు

ప్రస్తుతం అది సంగ్రహాలయాలలోను, యాత్రికుల ఫొటో స్టూడియోలలోను, టీవీ ధారావాహికలలోను దర్శనమిస్తున్నది. చియెన్‌లాంగ్ కాలపు కథగా 1998లో ప్రసారమైన ‘హువాన్‌ఝూ గెగె’లో పెద్ద దాలాచిలు కనిపిస్తాయి. అవి నిజానికి ఆ కాలానికి సుమారు నూరేళ్ల తరువాతివి.

2020 జనగణన ప్రకారం చైనాలో మంచూల సంఖ్య కోటీ నాలుగు లక్షలకు పైమాటే. మంచూ భాషను తల్లిభాషగా ధారాళంగా పలుకగలవారు మాత్రం హైలాంగ్‌జియాంగ్ రాష్ట్రంలోని సాన్‌జియాజి వంటి పల్లెలలో కొద్దిమంది వృద్ధులే. ‘లియాంగ్‌బాతౌ’ అనే పదం సైతం చీనా భాషదే. హాన్ స్త్రీల వేషం తమ స్త్రీలకు సోకరాదని శాసించిన జాతి, తన స్త్రీల కేశబంధాన్ని నేడు ఆ హాన్‌ల మాటతోనే పిలుచుకొంటున్నది.